పొట్లం కట్టిన మందు



చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన నవజాత శిశువుల వార్డులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పుట్టి రెండు రోజులైన మగబిడ్డ, రెండున్నర కిలోల బరువు. పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు కాబట్టి వాటి రక్తనాళాలు ముడుచుకునే ఉంటాయి. భూమ్మీద పడి మొదటి ఊపిరి తీశాక అవి విప్పారాలి. ఈ బిడ్డకు విప్పారలేదు. ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లడం లేదు. ఇలాంటప్పుడు పీల్పించే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఉంది. చాలా ఖరీదు, మా దగ్గర లేదు. రెండో దారి సిల్డెనాఫిల్ మాత్ర. చీటీ రాసి తండ్రి చేతికిచ్చి పంపాను.

పావుగంటలో ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. "ఎవరి చీటీయో పొరపాటున నాకిచ్చారేమో డాక్టరు గారూ, ఒకసారి చూసుకోండి. షాపు దగ్గర నలుగురూ నా వంక చూసి నవ్వారు. ఇది మగవాళ్లు వాడుకునే మందంట గదా. రెండు రోజుల పిల్లాడికి ఇది రాస్తారాండీ?" అన్నాడు.

చీటీలో పొరపాటు లేదు. పొరపాటు నాది. ఆ మందు ఎందుకు రాస్తున్నానో, దాని పెట్టె మీద పసిబిడ్డ ఊసే ఉండదని తెలిసీ ఎందుకు రాస్తున్నానో ఆయనకు ఒక్క ముక్క చెప్పకుండా పంపాను. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి అప్పుడు చెప్పాను. ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులుచేసే గుణం ఆ మందుకు ఉందని, పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల రక్తపోటుకు అదే మందు ఇస్తారని, పసిపిల్లల్లో దీన్ని వాడి మేలు చూసిన వైద్యులు ఉన్నారని, అయితే ఈ వయసుకు ఇమ్మని కంపెనీగానీ ప్రభుత్వంగానీ చెప్పలేదని. ఆయన అంతా విని, "ఇదేదో ముందే చెబితే నేను తలొంచుకుని వచ్చేవాణ్ని కాదు గదండీ" అన్నాడు. మళ్లీ వెళ్లి మాత్రలు తెచ్చాడు.

ఇరవై అయిదు మిల్లీగ్రాముల మాత్ర అది. బిడ్డకు కావలసింది ఒక్కో విడతకు రెండున్నర మిల్లీగ్రాములు, అంటే మాత్రలో పదోవంతు. మా సిస్టరు దాన్ని చిన్న కల్వంలో మెత్తగా నూరి, కాగితం మీద పరిచి, పది సమాన భాగాలు చేసి పొట్లాలు కట్టింది. ఆరు గంటలకో పొట్లం. ఆ బిడ్డ పదకొండో రోజున తల్లి ఒడిలో ఇంటికి వెళ్లాడు. ఆ పొట్లాల గురించే ఇవాళ మీతో మాట్లాడాలి.

ఏ మందుకైనా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చేటప్పుడు కొన్ని హద్దులు పెడుతుంది. ఏ జబ్బుకు వాడాలి, ఏ వయసువాళ్లకు, ఎంత మోతాదులో, నోటి ద్వారానా, సూది ద్వారానా. పెట్టెలో ఎన్నో మడతలు పెట్టి ఉంచే సన్న అక్షరాల కాగితంలో ఇవన్నీ ఉంటాయి. ఆ హద్దు దాటి, వేరే వయసుకో వేరే జబ్బుకో వేరే మోతాదులోనో డాక్టరు అదే మందు ఇస్తే దాన్ని ఆఫ్-లేబుల్ వాడకం అంటారు. ఇంకో రకం ఉంది. మందు ఆ రూపంలో అసలు అనుమతే పొందలేదు. మాత్రను నూరి పొట్లం కట్టినా, పొడిని పాకంలో కలిపి సిరప్‌గా మార్చినా, వేరే దేశం నుంచి తెప్పించినా ఆ లెక్కలోకి వస్తుంది. దాన్ని అనుమతి లేని మందు అంటారు. మా వార్డులో ఆ బిడ్డకు ఇచ్చినది రెండు రకాలూ కలిసినదే.

ఇదేదో మన పేద ఆసుపత్రుల అవస్థ అనుకోకండి. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక సర్వే ప్రచురించింది. బ్రిటన్‌లో డెర్బీ, స్వీడన్‌లో ఉప్సాలా, జర్మనీలో మార్‌బుర్గ్, ఇటలీలో బెర్గామో, నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్, ఈ అయిదు ఊళ్ల ఆసుపత్రుల్లో పిల్లల వార్డుల కేసుషీట్లు చూశారు. 624 మంది పిల్లలకు 2262 మందులు రాశారు. వాటిలో 46 శాతం, అంటే దాదాపు సగం, ఆఫ్-లేబుల్‌వో అనుమతి లేనివో. పిల్లల లెక్కన చూస్తే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అలాంటి మందు కనీసం ఒకటి పడింది. నెలలు నిండని పిల్లలను ఉంచే ఐసీయూల్లో ఇది ఇంకా ఎక్కువ.

డాక్టర్లు తప్పు చేస్తున్నారా? కాదు. వాళ్లకు ఇంకో దారి లేదు. దారి ఎందుకు లేకుండా పోయిందో తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. మందుల భద్రతకు ప్రపంచంలో వచ్చిన పెద్ద చట్టాలు పిల్లలకు జరిగిన అన్యాయం నుంచి పుట్టినవి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషంలో కరిగించి తియ్యటి పానకంలా అమ్మారు. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలెందరో. మరుసటి ఏడే అక్కడ మందు అమ్మే ముందు దాని భద్రత చూపాలని చట్టం వచ్చింది. ఆ తర్వాత థాలిడమైడ్. గర్భిణులు వేవిళ్లకు వేసుకున్న ఆ మాత్ర వల్ల వేల మంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు. 1962లో అమెరికా చట్టం ఇంకా బిగిసింది. మందు పనిచేస్తుందని కూడా పరీక్షలతో రుజువు చేయాలన్నారు. కంపెనీలు ఆ పరీక్షలు పెద్దవాళ్ల మీద చేశాయి. పిల్లల మీద చేయడం కష్టం, ఖర్చు, లాభం తక్కువ. కాబట్టి కాగితం మీద ఒక వాక్యం రాసి ఊరుకున్నాయి: పిల్లల్లో దీని భద్రత నిర్ధారణ కాలేదు. పిల్లల కన్నీళ్లతో వచ్చిన చట్టం పిల్లల్నే గుమ్మం బయట నిలబెట్టింది. హ్యారీ షిర్కీ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు 1960లలోనే ఈ పిల్లలకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే, చికిత్సలో అనాథలు.

పెద్దవాళ్ల మోతాదును బరువునో వయసునో బట్టి తగ్గించి ఇస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. మా తాతల కాలం డాక్టర్లూ అలాగే అనుకున్నారు. పిల్లవాడి వయసును, ఆ వయసుకు పన్నెండు కలిపితే వచ్చే అంకెతో భాగించి మోతాదు కట్టే యంగ్ సూత్రం అని ఒకటి ఉండేది. లెక్క తేలికే, బిడ్డ శరీరం మాత్రం ఆ లెక్క వినదు.

క్లోరాంఫెనికాల్ సంగతి చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, టైఫాయిడ్ జ్వరానికి క్లోరోమైసిటిన్ గొట్టాలు మింగిన రోజులు గుర్తుచేస్తారు. ప్రాణాలు నిలబెట్టిన మందు. 1950లలో నెలలు నిండని పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా దీన్ని ఇచ్చేవారు. మూడు నాలుగు రోజులకు కొందరి పొట్ట ఉబ్బేది, ఒళ్లు చల్లబడేది, చర్మం బూడిద రంగుకు తిరిగేది, చనిపోయేవారు. నెలలు నిండని పిల్లలు గదా, ఇన్ఫెక్షన్‌తో పోయారు అనుకున్నారు. లాస్ ఏంజిలిస్‌లో కొందరు వైద్యులు అలా అనుకుని ఊరుకోలేదు. కొందరు పిల్లలకు ఏ మందూ ఇవ్వకుండా, కొందరికి క్లోరాంఫెనికాల్, కొందరికి వేరే మందులు ఇచ్చి, ఎవరేమయ్యారో వరసగా రాసిపెట్టారు. 1959లో లెక్క తేల్చారు. మందేమీ ఇవ్వని పిల్లల కంటే క్లోరాంఫెనికాల్ ఇచ్చిన పిల్లల్లో మరణాలు మూడు రెట్లు.

కారణం తర్వాత తెలిసింది. మన కాలేయం ఈ మందుకు ఒక ఆమ్లాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా మార్చి, మూత్రంలోకి సాగనంపుతుంది. పసికందు కాలేయానికి ఆ పని ఇంకా చేతకాదు. మూత్రపిండాలూ నెమ్మదిగానే వడపోస్తాయి. ఒక విడత మందు బయటికి పోకముందే రెండో విడత పడుతుంది, రక్తంలో పేరుకుని విషమవుతుంది. నవజాత శిశువు పెద్దమనిషికి చిన్న నమూనా కాదు. ఒంట్లో నీళ్లు ఎక్కువ, కొవ్వు తక్కువ, చర్మం పలచన. ఏడాది తిరిగేసరికి అదే బిడ్డ కొన్ని మందులను పెద్దవాళ్ల కంటే వేగంగా ఖర్చుచేస్తుంది, అప్పుడు కిలోకు ఎక్కువ మోతాదు కావాలి. ఇవేవీ భాగహారం చెప్పదు. బిడ్డల్ని చూసి రాసిపెట్టినవాళ్లే చెప్పాలి.

రాసిపెట్టడం అన్నాను. నాకు ఈ విషయంలో గుండె నిండా గౌరవం ఉన్న కథ ఒకటి ఉంది, అందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు పెద్దగా ఉన్న కాలం. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలను చూస్తుండేవాడు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు మందు లేదు. పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు. ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా పరుగెత్తింది. అక్కడితో ఆపేసి మరిచిపోయి ఉంటే మనకు మిగిలేది ఇంకో విషాదం. ఫార్బర్ అది గమనించి రాసుకున్నాడు, తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లం జబ్బుకు మేత అవుతుంటే, ఆ మేతను అడ్డుకునే పదార్థం ఇస్తే? సుబ్బారావు గారి బృందం అలాంటి పదార్థాన్ని చేసి పంపింది. పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితం ప్రచురించాడు. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ మేలు తాత్కాలికమేనని వ్యాసం పేరులోనే చెప్పాడు, దాచలేదు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ ఆ జబ్బు ఉన్న పిల్లలకు ఇస్తున్నాం. అప్పట్లో వారాల్లో ప్రాణం తీసిన జబ్బు, మంచి వైద్యం అందేచోట ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్లో నయమవుతోంది.

కాబట్టి పెట్టె మీద రాయని మందు వాడటం పాపం అని నేను ఎన్నడూ అనను. వాడి, ఏమైందో రాయకపోవడం మాత్రం తప్పే.

దగ్గరి కాలంలోనే జరిగినవి రెండు చెబుతాను. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో ఒక వైద్యురాలు గుండె ఇబ్బంది వచ్చిన ఒక పిల్లవాడికి ప్రొప్రనలాల్ ఇచ్చారు. అది పెద్దవాళ్ల రక్తపోటు మాత్ర. ఆ పిల్లవాడి ముఖం మీద ఎర్రటి రక్తనాళాల గడ్డ కూడా ఉంది. మర్నాటికే ఆ గడ్డ రంగు మారి మెత్తబడింది. ఆమె యాదృచ్ఛికం అని వదిలేయలేదు. ఇంకొందరు పిల్లల్లో చూసి 2008లో ప్రచురించారు. తర్వాత పద్ధతిగా పరీక్షలు జరిగాయి. 2014లో ఆ గడ్డలకే ప్రత్యేకంగా పిల్లల ద్రావణానికి అమెరికాలోనూ యూరప్‌లోనూ అనుమతి వచ్చింది.

రెండోది చేదు సంగతి. 1990లలో నెలలు నిండని పిల్లలను వెంటిలేటర్ నుంచి తొందరగా తప్పించడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను విరివిగా వాడారు. రెండు మూడు రోజుల్లో ఊపిరి తేలికపడేది. తల్లులు దండం పెట్టేవారు, మేమూ సంతోషించేవాళ్లం. ఆ పిల్లలు నడిచే వయసుకు వచ్చాక వెనక్కి తిరిగి లెక్క చూస్తే, ఆ మందు పడిన పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకునే స్థితి, ఎక్కువగా కనిపించింది. 2002లో అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు మామూలుగా ఇవ్వొద్దని చెప్పాయి. మొదటి రోజు నుంచీ ప్రతి బిడ్డనూ లెక్కలో పెట్టి మూడేళ్లు చూసి ఉంటే ఎంతమంది పిల్లలు నడిచేవారో. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

ఇక పొట్లాల దగ్గరికి వస్తాను. నూరిన మాత్రను పది భాగాలు చేయడం కళ్ల అంచనా మీద జరిగే పని. పొట్లానికీ పొట్లానికీ తేడా వస్తుంది. కాగితానికి అంటుకున్నంత అంటుకుంటుంది. ఇంటికి పంపేటప్పుడు "మాత్రను పది మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఒక మిల్లీలీటరు పట్టండి" అంటాం. చాలా మాత్రలు నీళ్లలో కరగవు, పొడి అడుక్కి చేరుతుంది. తల్లి పైనుంచి సిరంజిలో లాగితే బిడ్డకు ఉత్త నీళ్లు, అడుగు నుంచి లాగితే ఎన్నో రెట్ల మందు. ఇక దశాంశ బిందువు. సున్నా తర్వాత చుక్క తొందరలో చెదిరితే పది రెట్లు. పెద్దమనిషికి పది రెట్ల పొరపాటు జరగాలంటే పది సీసాలు పగలగొట్టాలి, ఎవరో ఒకరు ఆపుతారు. పసిబిడ్డకు పది రెట్లు ఒకే సిరంజిలో పడుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

పిల్లలకు తగ్గట్టు మందు చేయడం అసాధ్యం కాదు. క్షయ ఉన్న పిల్లలకు ఎన్నో ఏళ్లు పెద్దవాళ్ల మాత్రలు విరిచి, నూరి, చేదుకు కక్కుతుంటే మళ్లీ పట్టి నెట్టుకొచ్చాం. 2015 చివర్లో పిల్లల మోతాదుకు సరిగ్గా కట్టిన, నీళ్లలో కరిగే, పండ్ల రుచి ఉన్న మాత్రలు వచ్చాయి. వాటిని చేసింది మన దేశపు కంపెనీయే, మాక్లియోడ్స్. ప్రపంచంలో ఎన్నో దేశాలకు మందులు పంపే హైదరాబాదు ఫ్యాక్టరీలకు పసిబిడ్డ గుండె మందును చుక్కల రూపంలో చేయడం కష్టమని నేను నమ్మను. అమ్ముడయ్యేది తక్కువ, అంతే. అందుకే అమెరికా 1997లో పిల్లల్లో పరీక్షించిన కంపెనీకి ఆరు నెలల అదనపు గుత్తహక్కు ఇచ్చింది, 2003లో పరీక్ష తప్పనిసరి చేసే చట్టమూ తెచ్చింది. యూరప్ 2007లో అదే దారి పట్టింది. తాయిలం చూపీ, చెవి మెలిపెట్టీ పని చేయించే అలాంటి చట్టం మనకూ రావాలి.

పిల్లల మీద పరీక్షలు అనగానే మనవాళ్లు ఉలిక్కిపడతారు. పడటానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలతో సహా వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మరుసటి ఏడు అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ అడగకుండా చేసిన పని అన్న మచ్చ పోలేదు. మందుల పరీక్షలపై 2019లో వచ్చిన మన నియమాల ప్రకారం పరీక్షలో చేర్చాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, తగిన వయసు వచ్చిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. అది సరైన నియమం. కానీ ఒకటి చూడండి. పరీక్షలో చేరిన బిడ్డకు కాగితం ఉంది, ఎథిక్స్ కమిటీ ఉంది, తేడా వస్తే పరిహారం ఉంది. వార్డులో పొట్లం మింగిన బిడ్డకు ఇవేవీ లేవు. ఆ బిడ్డ మీదా జరుగుతున్నది పరీక్షే, ఎవరూ లెక్క రాయని పరీక్ష.

నా తోటి డాక్టర్లకూ సిస్టర్లకూ ఒక మనవి. పెట్టె మీద లేని మందు రాసిన ప్రతిసారీ కేసుషీటులో మూడు ముక్కలు రాయండి: ఎందుకు రాశాను, ఏ లెక్కన మోతాదు కట్టాను, ఏమైంది. తల్లికో తండ్రికో నోటితో చెప్పండి. రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ రోజు ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదు కాబట్టే ఒక తండ్రి మందుల షాపు ముందు తలదించుకున్నాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డను ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఈ మందు ఈ వయసు పిల్లలకు ఆమోదించినదేనా, కాకపోతే ఎందుకు ఇస్తున్నారు అని అడగండి. అడగడం అమర్యాద కాదు. లేబుల్ మీద లేదన్న భయంతో మధ్యలో మాత్రం ఆపకండి. పొట్లాలు ఇచ్చి ఇంటికి పంపితే ఎలా కలపాలో, ఎంత పట్టాలో సిస్టరు ముందు ఒకసారి మీ చేత్తో చేసి చూపండి. చెంచా వద్దు, గీతలున్న సిరంజి అడిగి తీసుకోండి. ఆసుపత్రిలో డాక్టరు కళ్లముందు వాడటం వేరు; ఇంట్లో పెద్దబ్బాయికి రాసిన సీసాలోంచి మీ అంతట మీరు చిన్నబ్బాయికి పట్టకండి. ఒకప్పుడు జ్వరానికి విరివిగా పట్టిన నిమెసులైడ్‌ను 2011లో ప్రభుత్వం పన్నెండేళ్లలోపు పిల్లలకు నిషేధించింది. 2025 అక్టోబరులో రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మీ ఇంటి అలమరలో ఆ పాత సీసాలు ఇంకా ఉంటే తీసిపారేయండి.

మందు వేశాక బిడ్డలో ఏదైనా తేడా కనిపిస్తే ముందు డాక్టరుకు చెప్పండి. తర్వాత ప్రభుత్వానికీ చెప్పవచ్చు. 2010 నుంచి మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదుచేసే కార్యక్రమం నడుస్తోంది, డాక్టర్లే కాదు, తల్లిదండ్రులు ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోనుకు డబ్బు పడదు. కాగితం, కలం తీసుకోండి, నంబరు నెమ్మదిగా చెబుతాను: 1800 180 3024. మరోసారి, 1800 180 3024.